పురుగు లెక్కించేది రోజులను కాదు, వేడిని
మొక్కజొన్నలో కత్తెర పురుగు ఎదుగుదలపై ఉష్ణోగ్రత ప్రభావము

మందు పిచికారి ముగించిన రైతు డీలరు దుకాణమునకు వచ్చి "మరల ఎన్ని రోజులకు కొట్టవలెను?" అని అడుగును. "పది రోజులకు" అని జవాబు వచ్చును. జూలైలో అడిగినను, డిసెంబరులో అడిగినను ఆ జవాబు సాధారణముగా మారదు. పురుగుకు మాత్రము క్యాలెండరుతో పని లేదు. అది తన చుట్టునున్న వేడిని బట్టి పెరుగును. తెలంగాణ, కోస్తా జిల్లాలలో ఖరీఫ్ కాలమున పురుగు పది రోజులలో ఎంత ఎదుగునో, రబీ చలిలో అంత ఎదుగుటకు దానికి పదహారు, పదిహేడు రోజులు పట్టును. అందుచేత ఒకే గడువును రెండు పంటలకు పాటించిన రైతు ఒక కాలములో ఆలస్యముగాను, మరొక కాలములో అనవసరముగాను మందు కొట్టుచుండును. రెండింటి ఖర్చును పంట ఋణము నుండియే పోవును. ఈ లెక్కను ఎట్లు సరిచూచుకొనవలెనో ఈ వ్యాసములో వివరించుచున్నాము. కూడిక, తీసివేత, భాగహారము వచ్చినవారెవరైనను దీనిని చేసికొనవచ్చును.

మనిషి, పశువు, పక్షి తమ శరీరపు వేడిని తామే నిలుపుకొనును. బయట ఎండ ఉన్నను, మంచు ఉన్నను ఆరోగ్యవంతుని ఒంటి వేడి దాదాపు 37 డిగ్రీల సెంటీగ్రేడు వద్దనే ఉండును. కీటకములకు ఆ శక్తి లేదు. పరిసరములు చల్లబడినచో వాటి శరీరమును చల్లబడును; ఆహారము జీర్ణమగుట, కండ పట్టుట, కుబుసము విడచుట అన్నియు మందగించును. ఒక హద్దు కంటె చల్లబడినచో ఎదుగుదల పూర్తిగా నిలిచిపోవును. పురుగు చావదు, పెరుగదు. ఆ హద్దుకు పైన వేడి పెరిగిన కొలది ఎదుగుదల వేగము కూడ దాదాపు అదే నిష్పత్తిలో హెచ్చును. పై వైపున మరొక హద్దు కలదు. అది దాటినచో వేడి మేలు చేయుటకు మారుగా హాని చేయును. జీవుల ఎదుగుదలను రోజులతో గాక, కూడిన వేడితో కొలువవలెనను ఆలోచన క్రొత్తది కాదు. ఫ్రాన్సు దేశపు శాస్త్రవేత్త రియోమర్ 1735లోనే పంటలు పండు కాలమును గూర్చి ఇట్టి లెక్క వేసినాడు. కీటకములకు ఆ సూత్రము మరింత చక్కగా సరిపోవునని తరువాతివారు కనుగొనిరి.

ఉదాహరణకు కత్తెర పురుగును తీసికొందము. అమెరికా ఖండములకు చెందిన ఈ పురుగు 2016లో పశ్చిమ ఆఫ్రికాలో కనబడినది. 2018 మే నెలలో కర్ణాటకలోని శివమొగ్గ ప్రాంతపు మొక్కజొన్నలో దీనిని మన దేశమున మొదటిసారి గుర్తించిరి. ఆ సంవత్సరము గడువక ముందే అది తెలుగు జిల్లాల చేలలోనికి వచ్చినది. తల మీద తలక్రిందులైన ఇంగ్లీషు 'వై' అక్షరము వంటి తెల్లని గీత, తోక దగ్గర చతురస్రాకారములో నాలుగు నల్లని చుక్కలు దీని గుర్తులు. తల్లి రెక్కల పురుగు ఆకులపై ఒక్కొక్క చోట నూరు, రెండు నూర్ల గ్రుడ్లను గుంపుగా పెట్టి, పైన నూగు కప్పును. తన జీవితకాలములో వేయికి మించి గ్రుడ్లు పెట్టగలదు. పిల్ల పురుగులు మొదట ఆకు పచ్చదనమును గీకి తినును. ఆ చోట ఆకు పలుచని తెల్లని పొరవలె కనబడును. పిమ్మట అవి ఆకు సుడిలోనికి చేరును. ఆరు దశలు గడచిన తరువాత నేలలోనికి దిగి, మట్టిలో కొద్ది అంగుళముల లోతున ప్యూపాగా మారును.

ఈ పురుగును వేర్వేరు ఉష్ణోగ్రతలలో పెంచి చూచిన పరిశోధనలలో తేలిన అంకెలు ఆశ్చర్యము గొల్పునవి. ఎల్లప్పుడు 18 డిగ్రీల వేడిలో ఉంచినచో గ్రుడ్డు నుండి రెక్కల పురుగు వరకు 71 రోజులు పట్టినది. 32 డిగ్రీలలో 20 రోజులే పట్టినది. వేడి రెట్టింపైనను కాలేదు. కాలము మాత్రము మూడవ వంతు కంటె తక్కువకు దిగినది. దీనికి కారణము క్రింది హద్దులో ఉన్నది. ఈ పురుగు ఎదుగుదల సుమారు 12.5 డిగ్రీల వద్ద నిలిచిపోవును. కావున పురుగుకు పనికివచ్చు వేడి 18 డిగ్రీలలో ఐదున్నర డిగ్రీలు మాత్రమే, 32 డిగ్రీలలో పందొమ్మిదిన్నర డిగ్రీలు. తేడా మూడున్నర రెట్లు. ఇప్పుడు లెక్క సరిపోయినది గదా!

బ్యాంకు పాస్‌బుక్కు చూచు అలవాటున్నవారికి దీనిని ఖాతా పద్ధతిలో చెప్పిన సులభముగా ఉండును. ఒక రోజు గరిష్ఠ ఉష్ణోగ్రతను, కనిష్ఠ ఉష్ణోగ్రతను కూడి, రెండుచే భాగించవలెను. వచ్చిన సగటులో నుండి 12.5 తీసివేయవలెను. మిగిలినది ఆనాటి జమ. ప్రతిదినము ఆ జమను కూడుచు పోవలెను. మొత్తము సుమారు 36 డిగ్రీలకు చేరినపుడు గ్రుడ్డు పగులును. అటుపిమ్మట మరి 205 డిగ్రీలు జమ అయినచో గొంగళి దశ ముగియును. మరి 150 డిగ్రీలకు ప్యూపా నుండి రెక్కల పురుగు వెలువడును. ఒక తరమునకు మొత్తము సుమారు 390 డిగ్రీల జమ కావలెను. ఎండ ఎక్కువైన రోజున పెద్ద మొత్తము, చలి రోజున చిన్న మొత్తము పడునే గాని, గడువు తీరుటకు కావలసిన మొత్తము మాత్రము మారదు.

ఇక మన చేలకు వత్తము. జూలై నెలలో గరిష్ఠము 33, కనిష్ఠము 25 డిగ్రీలు ఉన్న ఊరిని తీసికొనుడు. సగటు 29, జమ 16.5. ఆ వేడిలో గ్రుడ్డు రెండు రోజులకు పైగా, గొంగళి పురుగు పండ్రెండు రోజులకు పైగా, ప్యూపా తొమ్మిది రోజులు తీసికొనును. అనగా తరమునకు 24 రోజులు. అదే ఊరిలో డిసెంబరున గరిష్ఠము 29, కనిష్ఠము 15 అనుకొందము. సగటు 22, జమ 9.5 మాత్రమే. గ్రుడ్డుకు దాదాపు నాలుగు రోజులు, గొంగళి దశకు ఇరువదియొకటి లేక ఇరువదిరెండు రోజులు, ప్యూపాకు పదహారు రోజులు పట్టును. తరము 41 రోజులు. చేను అదే, పురుగు అదే, విత్తనమును అదే కావచ్చును. జూలై పంటలో మూడవ తరమునకు రెక్కలు వచ్చునప్పటికి డిసెంబరు పంటలో రెండవ తరము ఇంకను ప్యూపా దశలోనే ఉండును.

ఇందులో డబ్బుకు సంబంధించిన భాగము ఒకటున్నది. గొంగళి పురుగు జీవితమంతయు తినునది ఒక ఎత్తు, ఆరవ దశలోని చివరి కొద్దిరోజులలో తినునది మరియొక ఎత్తు. మొత్తము ఆహారములో దాదాపు నాలుగింట మూడు వంతులు అది ఆ చివరి దశలోనే తినును. పైగా పెద్ద పురుగు సుడి లోపల తన మలము క్రింద దాగియుండుటచే మందు దానిని చేరదు. చేరినను చిన్న పురుగును చంపిన మోతాదు దీనిని చంపదు. కనుక మందుకు ఫలితమిచ్చునవి మొదటి మూడు దశలే. ఈ మూడు దశలు కలిసి గొంగళి కాలములో సుమారు సగము. జూలైలో ఆ సగము ఆరు రోజులు. డిసెంబరులో పది లేక పదకొండు రోజులు.

మందు తెచ్చుకొనుట, కూలి దొరుకుట, వాన తెరపి ఇచ్చుట వీటిలో నాలుగు రోజులు జారిపోయినచో డిసెంబరు రైతుకు ఇంకను వారము మిగిలియుండును. జూలై రైతుకు రెండు రోజులే మిగులును. ఆలస్యమైన పిచికారి పని చేయలేదని అతడు మందును నిందించి మరింత ఘాటైన దానిని, లేక రెండు మూడు కలిపిన మిశ్రమమును కొనును. ఇట్టి చోట్ల తప్పు తరచు మందులో గాక తేదీలో ఉండును. ఒకే మందును మోతాదు పెంచి పదే పదే వాడినచో ఆ మందుకు తట్టుకొను పురుగులే మిగిలి సంతతి పెంచును. వేడి కాలములో ఆ సంతతియు త్వరత్వరగా పెరుగును.

కనుక గడువును ఏనాటి నుండి లెక్కించవలెనన్నది ముఖ్యము. విత్తిన నాటి నుండి కాదు, వెనుకటి పిచికారి నుండి కాదు. లింగాకర్షక బుట్టలో రెక్కల పురుగులు పడుట మొదలైన నాటి నుండి లెక్కించవలెను. మొలక వచ్చిన వెంటనే ఎకరమునకు నాలుగైదు బుట్టలు పెట్టి ప్రతి ఉదయము చూడవలెను. రెక్కల పురుగు వెలువడిన మూడు నాలుగు రోజులకు గ్రుడ్లు పెట్టుట ఆరంభించును. చలిలో ఇదియు కొంత ఆలస్యమగును. జూలై లెక్క ప్రకారము బుట్టలో పురుగు పడిన ఐదారు రోజులకు పిల్లలు ఆకుపై ఉండును. ఆరవ నాడు చేను తిరిగి చూచి, అవసరమైనచో పదవ నాటి లోపల పిచికారి ముగించవలెను. డిసెంబరులో తొమ్మిదవ, పదవ నాడు తిరిగి చూచిన చాలును. డిసెంబరులో ఐదవ నాడే మందు కొట్టిన రైతు పిల్లలు ఇంకను బయటికి రాని చేనుపై కొట్టినవాడగును.

చేను చూచు విధానము గూర్చి రెండు మాటలు. గట్టు మీద నిలిచి చూచుట చూచుట కాదు. చేనులో ఐదు చోట్ల, ఒక్కొక్క చోట ఇరువది మొక్కల చొప్పున నూరు మొక్కలను సుడి విప్పి చూడవలెను. లేత పైరులో నూటికి ఐదు మొక్కలపై గీకుడు మచ్చలు లేక గ్రుడ్ల గుంపులు కనబడినచో గ్రుడ్లను చేతితో నలిపివేసి, వేప గింజల కషాయము ఐదు శాతము లేక 1500 పి.పి.యం. వేపనూనె లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు కలిపి కొట్టవలెను. దెబ్బ తిన్న మొక్కలు పది శాతమునకు మించి, పురుగులు రెండు, మూడు దశలలో ఉన్నచో ఇమామెక్టిన్ బెంజోయేట్ 5 ఎస్.జి. లీటరు నీటికి 0.4 గ్రాములు, లేక క్లోరాంట్రానిలిప్రోల్ 18.5 ఎస్.సి. లీటరుకు 0.4 మిల్లీలీటర్లు, సుడిలోనికి దిగునట్లు ఉదయముగాని సాయంత్రముగాని పిచికారి చేయవలెను. రెండవసారి అవసరమైనచో మందు మార్చవలెను. స్థానిక వ్యవసాయాధికారి సూచన, డబ్బా మీది లేబిల్ తప్పక చూచుకొనవలెను.

ఈ లెక్కకు హద్దులు లేకపోలేదు. పై అంకెలు ప్రయోగశాలలో స్థిరమైన వేడిలో వచ్చినవి. చేనులో వేడి గంటగంటకు మారును. ఆకు సుడి లోపలి వేడి బయటి గాలి వేడి వలె ఉండదు. ఆహారము మొక్కజొన్నయా, మరొకటియా అనుదానిని బట్టియు రోజులు మారును. కాబట్టి లెక్క చెప్పిన రోజున పిచికారి చేయవలెనని కాదు, ఆ రోజున చేనులోనికి పోవలెనని అర్థము. కనిష్ఠ ఉష్ణోగ్రత 12.5 కంటె తగ్గిన రాత్రులలో దానిని 12.5గానే వ్రాసికొనవలెను; లేనిచో మధ్యాహ్నపు ఎండలో పురుగు ఎదిగినదంతయు లెక్కలో మాయమగును. ఎండ బాగా ముదిరినపుడు కూడ లెక్క తప్పును. 26 నుండి 30 డిగ్రీల మధ్య పిల్లలు ఎక్కువగా బ్రతికి, నిలకడగా ఎదుగును. అంతకు మించిన కొలది చావులు పెరుగును. ఏప్రిల్, మే నెలలలో నలుబది డిగ్రీల ఎండను కూడిక చేసి పురుగు పరుగెత్తుచున్నదని భయపడ నక్కరలేదు.

చలి వలన పంటకు కలుగు ఒక లాభమును సాధారణముగా ఎవరును గమనింపరు. మొక్కజొన్న ఎదుగుదలను కూడ ఇట్లే లెక్కింతురు. దాని క్రింది హద్దు 10 డిగ్రీలు, పురుగు హద్దు కంటె తక్కువ. సగటు వేడి 29 ఉన్న రోజున పైరు ఖాతాలో 19, పురుగు ఖాతాలో 16.5 పడును, దాదాపు సమానము. సగటు 15 ఉన్న రోజున పైరుకు 5, పురుగుకు 2.5. అనగా చలిలో రెండును నెమ్మదించినను పురుగే ఎక్కువగా వెనుకబడును. బీహారులో రబీ మొక్కజొన్న విస్తారముగా వేయు జిల్లాలలో జనవరి చలి ఇట్టిదే. అక్కడి రైతు జనవరిలో వారము వారము మందు కొట్టుట కంటె, ఫిబ్రవరిలో ఎండ తిరిగిన నాటి నుండి బుట్టలను శ్రద్ధగా చూచుట లాభకరము. నిద్రించుచున్న పురుగు చచ్చినదని భ్రమపడరాదు. మన వద్ద కూడ రబీలో ఆలస్యముగా విత్తిన చేలు లేత వయస్సులోనే ఫిబ్రవరి, మార్చి వేడిలో చిక్కుకొనును. ఊరివారందరు ఒకేసారి, కాలమున విత్తుటలోని మేలు ఇది కొంత.

పురుగుకు శత్రువులైన జీవులును వేడికి లోబడియే ఉన్నవి. ట్రైకోగ్రామా, టెలినోమస్ అను చిన్న కందిరీగ జాతులు కత్తెర పురుగు గ్రుడ్లలో తమ గ్రుడ్లు పెట్టి వాటిని నాశనము చేయును. వీటి కార్డులను నడి ఎండలో కట్టినచో చాల భాగము వ్యర్థమగును. సాయంకాలము ఆకు అడుగున కట్టవలెను. చల్లని తేమ వాతావరణములో ఒక జాతి శిలీంధ్రము సోకి పురుగులు సుడిలోనే బిగిసి, తెల్లగా, తరువాత పచ్చగా బూజు పట్టి చచ్చియుండుట మీరు చూచియుందురు. అట్టివి చేనులో అధికముగా కనబడుచున్నపుడు మందు డబ్బు మిగిలినట్లే.

డీలరు సోదరులకు ఈ విషయము సరకుతో ముడిపడినది. వెనుకటి సంవత్సరము ఏ తేదీన గిరాకీ వచ్చినదో ఆ తేదీకి సరకు తెప్పించుట పరిపాటి. అక్టోబరు వెచ్చగా గడచిన సంవత్సరమున పురుగు తరము వారము పది రోజులు ముందే వచ్చును; సరకు చేరునప్పటికి అవసరము తీరియుండును. చలి ముందుగా పట్టిన సంవత్సరమున మందు అమ్ముడుపోక గడువు మీరును. హైదరాబాదులోని మేనేజ్ సంస్థ 2003లో ప్రారంభించిన డేసీ డిప్లొమా చదివిన డీలర్లకు సస్యరక్షణ పాఠములు పరిచితమే. దుకాణము గోడపై ఒక పలక వ్రేలాడదీసి ఆనాటి గరిష్ఠ, కనిష్ఠములను, పురుగు జమను వ్రాయుచున్నచో "మరల ఎన్ని రోజులకు" అను ప్రశ్నకు గోడయే జవాబు చెప్పును. ఖర్చు సుద్దముక్క మాత్రమే.

అంకెలు ఎక్కడ దొరకునని సందేహపడనక్కరలేదు. వాతావరణ శాఖ సహకారముతో వ్యవసాయ విశ్వవిద్యాలయముల కేంద్రములు మంగళ, శుక్రవారములలో వెలువరించు వ్యవసాయ వాతావరణ బులెటిన్లలో రానున్న ఐదు రోజుల గరిష్ఠ, కనిష్ఠములు ఉండును. 2019 నుండి మేఘదూత్ అను మొబైల్ యాప్‌లో తెలుగులోను లభించుచున్నవి. ఇంటి వద్దనే చూచుకొనదలచినవారు గరిష్ఠ, కనిష్ఠములు రెండును చూపు ఉష్ణమాపకమును నీడలో, గాలి ఆడు చోట, నేలకు నాలుగడుగుల ఎత్తున వ్రేలాడదీయవలెను. రేకుల కప్పు క్రింద కట్టినచో అది రేకు వేడిని చెప్పును.

పంట ఋణములో సస్యరక్షణకు కొంత మొత్తము లెక్కగట్టుదురు. జిల్లా స్థాయి సాంకేతిక కమిటీ ఎకరమునకు నిర్ణయించు ఆ పరిమితి ఋతువులోని వేడిని బట్టి మధ్యలో పెరుగదు. 1998లో మొదలైన కిసాన్ క్రెడిట్ కార్డు వలన డబ్బును విడతలుగా తీసికొను సౌకర్యము కలిగినది. సస్యరక్షణ భాగమును విత్తనపు రోజుననే తీసి మందులు ఇంట పేర్చుకొనుట కంటె, బుట్టలో పురుగు పడిన తరువాత తీసినచో వాడని దినములకు వడ్డీ పడదు. ఖరీఫ్ మొక్కజొన్నకు రబీ కంటె ఎక్కువ తరముల పురుగు వచ్చునని పై లెక్క చెప్పుచున్నది గనుక, సంవత్సరపు ప్రణాళిక వేసికొనునపుడు రెండు పంటలకు సమానముగా మందు ఖర్చు వ్రాయుట సరికాదు.

వాతావరణము వేడెక్కుచున్న ఈ కాలములో ఈ విషయమునకు ప్రాధాన్యము పెరుగుచున్నది. ప్రపంచ సగటు ఉష్ణోగ్రత ఒక్కొక్క డిగ్రీ పెరిగిన కొలది వరి, మొక్కజొన్న, గోధుమలలో కీటకముల వలని నష్టము 10 నుండి 25 శాతము హెచ్చగలదని 2018లో అమెరికా శాస్త్రజ్ఞులు అంచనా వేసిరి. ఆ పెరుగుదల చల్లని దేశములలో ఎక్కువ. మన వేసవి ఇప్పటికే పురుగులు ఓర్చుకొనగల పై హద్దు చేరువలో ఉన్నది. మనకు ముప్పు చలికాలము వెచ్చబడుటలో ఉన్నది. డిసెంబరు రాత్రులు రెండు డిగ్రీలు వెచ్చనైనచో సగటు ఒక డిగ్రీ పెరిగి, పై ఉదాహరణలోని 41 రోజుల తరము 37 రోజులకు దిగును.

పంట ఇల్లు చేరిన తరువాతను ఇదే సూత్రము వర్తించును. గింజలోని ముక్క పురుగు 27 డిగ్రీల వేడిలో, గింజలో తేమ ఉన్నపుడు, సుమారు ఐదు వారములకు ఒక తరము పూర్తిచేయును. 15 డిగ్రీల దిగువన దాని సంతతి పెరుగదు. కాని మన గిడ్డంగులకు అంతటి చలి అరుదు. గిడ్డంగి రసీదుపై ఋణము తీసికొని ధర కొరకు సరకు నిలువ చేయువారు గింజను 12 శాతము తేమకు ఎండబెట్టి, శీతకాలములో నెలకొకసారియు, ఫిబ్రవరి చివరి నుండి పదిహేను రోజులకొకసారియు బస్తా లోపలి గింజను తీసి పరీక్షించవలెను. ఉపరితలమున పురుగు కనబడలేదని ఊరుకొనరాదు. పిల్ల పురుగు గింజ లోపల ఉండును. బస్తాల నడుమ చేయి పెట్టినపుడు అంచుల కంటె వెచ్చగా తగిలినచో అచట పురుగు ఊపిరియే వేడి పుట్టించుచున్నదని అనుమానించి, ఆ వరుసను ఆనాడే విప్పి చూడవలెను.